ఎర్రబారిన మడి

పార్కు పనిముట్ల గది,
మార్చి 12, బుధవారం

ఒరే కత్తెరా,

నమస్కారాలు. నేను కులాసా. మడి మాత్రం కులాసాగా లేదు. నీ మోకాలి నొప్పి తగ్గిందని, ఆ కొత్త పార్కులో నీ మాట కాస్త చెల్లుతోందని తలుస్తాను.

బదిలీ అయి ఎనిమిది నెలలైనా ఉత్తరం ముక్క రాయనివాడు ఇప్పుడెందుకు రాస్తున్నాడని అనుకుంటావు. గేటు దగ్గరి గుండ్రటి మడి గుర్తుందిగా? తెల్ల రేకులకు ఎర్ర అంచున్న జెరేనియాలు, పన్నెండేళ్లు మనిద్దరం పెంచినవి. ఇప్పుడు మడంతా ఒట్టి ఎరుపు. చూస్తుంటే నాకు ఒళ్లు మండిపోతోంది.

చేయని పని లేదు. మట్టి మార్చాను, ఇసుక కలిపాను, నీళ్లు తగ్గించాను, మళ్లీ పెంచాను. కొన్ని మొక్కల్ని కుండీల్లోకి మార్చి ఎండకీ నీడకీ మోసి మోసి నడుం పట్టేసింది తప్ప ఒరిగిందేమీ లేదు. ఎరువుల కొట్టతను పొటాష్ తక్కువైందన్నాడు. మా ఆవిడ, వాటికి నీ మొహం నచ్చలేదేమో అంది. కొత్త ఆఫీసరమ్మయితే నెలాఖరులోగా రెండు రంగులు కనబడకపోతే అంతా పీకించి గడ్డి వేయిస్తానంది.

మొన్న సోమవారం, రెండు రంగులు మిగిలిన ఒకే ఒక్క కుండీని తిప్పి చూశాను. అందులో ఒక కొమ్మ మిగతావాటికంటే జానెడు ఎత్తు లేచింది. దానికి పూసినవన్నీ ఎరుపే. నువ్వు అలాంటి కొమ్మల్నే వెతికి మొదలంటా కోసేవాడివి. అది ఈ రకం పుట్టిన పాత ఎర్ర రంగుకు తిరిగిపోయింది, ఉంచితే మిగతావాటిని మింగేస్తుందని చెప్పేవాడివి. నేను విన్నానా? పచ్చటి కొమ్మ కోస్తున్నావని నెత్తీ నోరూ కొట్టుకునేవాణ్ణి. నువ్వెళ్లాక ఒక్కటీ కోయలేదు సరికదా, కొత్త మొక్కల కోసం ఏపుగా ఉన్న ఆ కొమ్మలనే తుంచి మడంతా నాటాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఆదివారం నీకు సెలవేగా. ఒకసారి వచ్చిపో.

ఇట్లు,
నీ మొండిఘటం

తా.క.: నిన్ను బదిలీ చేయించాడని పాత సూపర్‌వైజర్‌ని ఇంకా తిడుతున్నావట. పాపం, ఆయన్ని వదిలెయ్. మొక్కలు పాడుచేస్తున్నావని ఫిర్యాదు రాసింది నేను. సంతకం పెట్టే ధైర్యం లేక ఊరికే ఫిర్యాదుల పెట్టెలో పడేశాను. నిన్న ఆఫీసరమ్మకు ఇంకోటి రాసిచ్చాను, తప్పు నాదని, నిన్ను వెనక్కి పంపమని. ఈసారి సంతకం పెట్టాను. వస్తే తిట్టు, పడతాను. కత్తెర మాత్రం మరిచిపోకు. ఆ ఎర్ర కొమ్మ ఇంకా అలాగే ఉంది. కోయబోతే నాకు చెయ్యాడడం లేదు.