మూడో తారీఖున వచ్చే వెయ్యి

క్లీథార్ప్స్,
అక్టోబరు 27.

లొరెయిన్‌కి,

నీ భర్త గ్లెన్ రాయడం ఏమంటే, ఇక్కడ నేను, పిల్లి, బాయిలరు ముగ్గురం క్షేమం. నువ్వు క్షేమమని తలుస్తాను. మీ అక్క క్షేమం గురించి కింద రాస్తాను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. బాయిలరు బాగుచేయించాను. వచ్చినవాడు పావుగంట పని చేసి గంటన్నర టీ తాగాడు. పిల్లికి సూది వేయించాను, అది డాక్టరుకు తిరిగి వేసింది, గోళ్ళతో. నీ ఆకుపచ్చ కోటు పై గదిలోనే ఉంది. పంపమన్నావు కదా, పంపుతాను. చలికాలపు కోటు అక్కడికి ఎందుకని మాత్రం అడగను.

పని మామూలే. సముద్రం ఒడ్డున ఆటల హాలు, నాణేలు మింగి కక్కని యంత్రాలు, బాగుచేయడానికి వాటి కడుపులో చెయ్యి పెట్టే నేను. మొన్న ఒక యంత్రం మీద 'ఈ రోజు ఇది పెద్దమనుషులకే డబ్బిస్తుంది' అని అట్ట తగిలించాను. సాయంత్రం దాకా జనం దాని ముందు బుద్ధిగా వరసలో నిలబడ్డారు. చిల్లర ఇచ్చే గదిలో కూర్చునే షీనా మాత్రం, "నీకెప్పుడిస్తుందో అడుగు గ్లెన్, నీ జన్మలో రాదు" అంది. దాని నోరు నీకు తెలుసు కదా.

ఇక మన వెయ్యి పౌన్ల సంగతి. ఈ ఉపాయం నీదే. నెలకు వెయ్యి బయటి నుంచి పడితేనే మన ఇద్దరి కరెంట్ ఖాతాల్లో ఉన్నదానికి వడ్డీ ఇస్తామని బ్యాంకువాళ్ళు షరతు పెట్టారు. చలికాలంలో నా జీతమే వెయ్యి దాటదాయె. "ఒకటో తారీఖున నువ్వు నాకు పంపు, మూడో తారీఖున అదే నేను నీకు పంపుతా. ఒకే కోడిని రెండు గుమ్మాల్లో తిప్పి రెండు కోళ్ళని చూపిస్తే సరి!" అని నువ్వు వంటింట్లో పొట్ట పట్టుకుని నవ్వావు. మనిషికి నెలకు ఆరు పౌన్ల చిల్లర. దానికి చేప ముక్క వస్తుంది, ఆలుగడ్డ వేపుడు రాదు.

మార్చిలో నువ్వు మీ అక్క పౌలీన్ తుంటి ఎముక విరిగిందని పెన్జాన్స్ వెళ్ళావు. ఆరు వారాలన్నావు. ఫోన్ చేస్తే అక్క నిద్ర చెడుతుందన్నావు. సరేనని ప్రతి ఒకటో తారీఖున ఫోన్‌లో డబ్బు పంపేటప్పుడు సందేశం గడిలో ఏదో ఒకటి రాసేవాణ్ణి. 'నా కిడ్నీ వెల, మొదటి వాయిదా'. 'మేయరుగారి లంచం'. 'వాడిన మొగుడు, తిరిగి తీసుకోబడడు'. మూడో తారీఖున నీ వెయ్యి వచ్చేది. గడిలో ఎప్పుడూ ఒకటే, 'గ్లెన్‌కి'. అలిగిందిలే అనుకున్నాను. అలిగినా పంపుతోంది కదా, నెలకొకసారైనా కూర్చుని నా పేరు రాస్తోంది కదా అనుకున్నాను.

ఈ నెల ఒకటో తారీఖుకి రెండు రోజుల ముందు నా ఫోన్ సముద్రంలో పడింది. నేను పంపలేకపోయాను. వారం తర్వాత కొత్త ఫోన్‌లో చూస్తే మూడో తారీఖున నీ వెయ్యి వచ్చి ఉంది! నాది అందకుండానే, నీ సొంత డబ్బు! నాకేమైందోనని కంగారుపడి పంపావనుకున్నాను. హాలంతా అరిచి చెప్పాను.

"వెయ్యి పౌన్లకే ఇంత గంతా?" అంది షీనా.

"వెయ్యి కాదే మొద్దూ, మా ఆవిడ" అన్నాను.

ఇప్పటిదాకా దాచింది ఇదీ. పదమూడో తారీఖున నేను పెన్జాన్స్ వచ్చాను. మూడు రైళ్ళు మారాను. వీధి మలుపు తిరిగేసరికి మీ అక్క చెత్త డబ్బాను రోడ్డు మీదికి లాక్కొస్తోంది, ఒంటి చేత్తో.

"ఓరి నాయనో, గ్లెన్! లొరెయిన్ లేదే, హోటల్లో పనికెళ్ళింది. వసంతం దాకా ఒప్పుకుందిగా."

"తుంటి ఎలా ఉంది?"

"జూన్ నుంచి డాన్సుకే పోతున్నా. చెప్పలేదూ నీకు?"

ఆ డబ్బా నేనే లాగి రోడ్డు పక్కన పెట్టాను. నాది అందకముందే వెయ్యి పంపింది కదా, థాంక్స్ చెబుదామని వచ్చానన్నాను. మీ అక్క నవ్వింది. చెడ్డది కాదు ఆవిడ, తెలియక నవ్వింది.

"అదా! వచ్చిన వారమే బ్యాంకుకి చెప్పేసింది, నెలనెలా దానంతటదే వెళ్ళిపోయేలా. 'ఇక గ్లెన్ సంగతి గుర్తుపెట్టుకునే బాధ తప్పిందక్కా' అంది."

నేను వచ్చినట్టు చెప్పవద్దని ఒట్టు వేయించుకుని అదే సాయంత్రం రైలెక్కాను. ఆవిడ మాట నిలబెట్టుకుంది. ఎలా తెలిసిందంటావా? పంతొమ్మిదో తారీఖున నువ్వు రాసిన ఉత్తరంలో ఉంది కదా, 'అక్క ఇంకా మంచం దిగలేదు, నేను లేకపోతే గుక్కెడు నీళ్ళకు దిక్కులేదు' అని. ఊరంతటినీ ఆటపట్టించేవాణ్ణి నేను. ఎనిమిది నెలలు నన్ను ఆడించింది బ్యాంకువాళ్ళ కంప్యూటరు.

నీ వెయ్యి ఈ ఉదయం తిరిగి పంపాను. గడిలో జోకు రాయలేదు. బ్యాంకు షరతు ఈ నెలకీ నెరవేరింది, ఇద్దరికీ వడ్డీ పడుతుంది, సంతోషించు.

నవంబరు ఒకటిన నా వెయ్యి వస్తుంది. నీ పనల్లా ఒకటే. ఆ కంప్యూటరు ఏర్పాటు ఆపించి, మూడున నీ చేత్తో పంపు. గడిలో తిట్టు రాసినా సరే, చదువుకుంటాను. మళ్ళీ 'గ్లెన్‌కి' అని వచ్చిందా, దాన్ని వచ్చిన దారినే పంపి, ఖాతా మూసేసి, కోటుతో పాటు నీ మిగతా బట్టలు కూడా పార్సిలు చేస్తాను.

ఇట్లు,
మూడో తారీఖు దాకా నీ భర్త,
గ్లెన్