తుఫానుకు పోయిన రేవు

నార్మండీ తీరం, 24 జూన్ 1944

హెస్టరక్కా, నేను బతికే ఉన్నాను, కంగారుపడకు. మన సైన్యానికి సరుకు దించడానికి మేము కట్టిన తేలే రేవు మూడు రోజుల తుఫానుకు తునకలైంది. రేవును ఒడ్డుతో కలిపే వంతెన తెగిపోతుంటే, దాన్ని గొలుసుతో బిగించడానికి మన పక్కింటి లైల్ దిగాడు.

"వదిలేసి రారా!" అని అరిచాను.

"ఇది పోతే ముందున్నోళ్ళకి తూటాలెట్టా అందుతాయిరా?" అన్నాడు.

అంతలో అల కొట్టింది. వాడి చెయ్యి నాకు అందింది గానీ, నా పట్టు జారిపోయింది. శవం దొరకలేదు. ఈ రేవును మళ్ళీ కట్టరట, మిగిలిన ఇనుమును పక్క రేవుకు తరలిస్తున్నారు.

నాన్న దగ్గు తగ్గిందా? ఉన్ని మేజోళ్ళు రెండు జతలు పంపు. పిల్లలకు ముద్దులు. లైల్ వాళ్ళమ్మ దగ్గర కాసేపు కూర్చో. ఆవిడ అడిగితే, నేనప్పుడు వాడి పక్కన లేనని చెప్పు.

నీ తమ్ముడు,
ఎల్‌వుడ్