తాజుక్ చెట్టు మీది గూడు

రేంజర్ గారికి నమస్కారం.

గూడు కాపాడినందుకు సన్మానించే వాళ్ల జాబితాలో, నాలాగే గూళ్లు కాసే తాజుక్ పేరు పక్కన నా పేరు కూడా రాశారట. దయచేసి కొట్టేయండి.

ఆరేళ్లు నా చెట్టు తొర్రలో పిల్లల్ని పెంచిన పెద్దముక్కు హార్న్‌బిల్ పక్షుల జంట ఈ ఏడు తాజుక్ కాపలా కాసే చెట్టుకు వెళ్లిపోయింది. "నీ మొహం చూసి చూసి వాటికి విసుగొచ్చిందిరా!" అని మా నిషి తెగ ఊరంతా నవ్వింది. తాజుక్ కూడా నవ్వాడు. ఆ నవ్వు తలచుకుంటే నాకు అన్నం సహించేది కాదు.

మొన్న ఉదయం అతను జ్వరంతో పడుకున్నాడు. నేను అటుగా వెళ్తుంటే, మా తెగవాళ్లు టోపీకి అలంకారంగా పెట్టుకునే పక్షిముక్కు కోసం వచ్చినవాడొకడు తుపాకీతో ఆ చెట్టు కింద నక్కి ఉన్నాడు. పైన మగపక్షి, మట్టితో మూసిన తొర్ర సందులోంచి ఆడపక్షికి మేడిపండ్లు ఒక్కొక్కటే అందిస్తోంది. అది చస్తే లోపలున్న తల్లీ పిల్లా ఆకలితో పోతాయని నాకు తెలుసు. అయినా నోరు మెదపలేదు. తాజుక్ గూడే కదా, పోనీ అనుకున్నాను. వాడు గురిపెట్టేదాకా అలాగే నిలబడ్డాను. ఇంతలో ఆడపక్షి ముక్కు కొస బయటికొచ్చి ఇంకో పండు కోసం తెరుచుకుంది. అప్పుడు అరిచాను. వాడు పారిపోయాడు.

ఆ సంగతి విని తాజుక్ జ్వరంతో వణుకుతూనే మా ఇంటికొచ్చి నా చేతులు పట్టుకున్నాడు. "నువ్వు లేకపోతే ఆ పక్షులు ఏమైపోయేవి అన్నా! నీ పేరే ముందు రాయమంటాను" అన్నాడు. నిజం చెప్పలేకపోయాను. మీరూ చెప్పకండి.

ఇంత జరిగినా నా అసూయ చావలేదండీ. ఈ రోజు కూడా నా చెట్టు కిందికి వెళ్లి, ఖాళీ తొర్రకేసి చూసి వచ్చాను.

మీ
గూడు కాపలాదారు