భయమే లేదన్న పిల్ల ఆస్తిపాస్తులు

...అందుకే నిన్న రాసింది చింపేశా. అందులో నాకు చాలా ధైర్యంగా ఉందని రాశాను. అబద్ధం. వీలునామాలో అబద్ధం ఉంటే చెల్లదేమో. పదిహేనేళ్ళ పిల్ల రాస్తే ఎలాగూ చెల్లదట. అయినా రాస్తున్నా.

టైలర్ గారి చిన్నమ్మాయినైన నేను, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్నది. మతి బాగానే ఉంది. చిల్లు గుండెకి. సాయంత్రం ఆస్పత్రిలో చేరాలి, రేపు పొద్దున ఆపరేషన్ చేసి దాన్ని మూస్తారు. ఇంగ్లీషులో అయితే నాకు ఈజీ, కానీ అక్క చదివేస్తుంది. నా తెలుగు రాత చదివే ఓపిక నాన్నమ్మకే ఉంది. నేను తిరిగి రాకపోతే ఇవన్నీ జరిపించాల్సింది నాన్నమ్మే.

1. అక్కకి: కిటికీ పక్క మంచం. హెడ్‌ఫోన్స్ కూడా. ఒక చెవికే వినిపిస్తుంది, వాటి మీద ఎవరు కూర్చున్నారో తనకి తెలుసు. నా స్కూల్ బ్యాగ్ ముట్టుకోవద్దు. సరే, ముట్టుకో. జిప్ జాగ్రత్త.

2. నాన్నమ్మకి: నా మెత్తటి దిండు. "మా పిల్లకి భయమే లేదు, ఏసయ్య ఉన్నాడుగా అంటుంది" అని చర్చిలో అందరికీ చెప్పుకొచ్చింది. ఆ మాట నేనే అన్నాను. ఆయన ఉన్నాడు, నిజమే. భయం కూడా ఉంది. రెండోది చెప్తే నాన్నమ్మ పరువు పోతుందని ఊరుకున్నా.

3. చర్చి వాళ్ళకి: వస్తువులేం లేవు, ఒక షరతు ఉంది. నాకేమైనా అయితే మొదటి వారం అమ్మతో "దేవుడికి ఏదో ఉద్దేశం ఉంది" అనకూడదు. ఉందనే నేనూ నమ్ముతున్నా. కానీ ఒక్క వారం ఆగండి. వచ్చి పక్కన కూర్చోండి, గిన్నెలు తోమండి. పాటలు పాడే ఆంటీ మొన్న బిస్కెట్ నములుతూ, "దేవుడికి ఇష్టమైన వాళ్ళకే పరీక్షలమ్మా" అంది. మరి మీకేం పెట్టలేదా ఆంటీ అని నోటి దాకా వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది, వాళ్ళాయన మంచం పట్టి ఏళ్ళయింది. ఆంటీకి నా గొడుగు ఇవ్వండి.

4. దేవుడికి: ఇవ్వడానికేం లేదు, అన్నీ నీవే. కాపాడతావని నమ్ముతున్నా. ఎలాగో చెప్పవేంటి? మత్తు ఇచ్చాక నేను ప్రార్థన చేసుకోలేను కదా. అప్పుడు నువ్వే చూసుకోవాలి. ప్లీజ్.

5. నాన్నకి: ఇక్కడే ఆగిపోతున్నా. ఇందాక షాపులోకి వెళ్తే మిషన్ మీద నాకోసం కొత్త గౌను. కుట్లు పచ్చిగా ఉంటాయి కదా, తల మీంచి తొడగక్కర్లేకుండా ముందు గుండీలు పెట్టాడు. తిరగేసి చూస్తే అంచు లోపల నాలుగు వేళ్ళ వెడల్పు గుడ్డ మడిచి ఉంది. ఇంత వదిలావేంటి నాన్నా అన్నా. తలెత్తకుండా, "పొడుగవుతావుగా. వచ్చే ఏడు విప్పుతాను" అన్నాడు. రోజూ చూడకుండానే ఎక్కించే మనిషికి సూదిలోకి దారం ఎక్కట్లేదు. నేనే ఎక్కించి ఇచ్చా. నాన్నకీ భయమే. అయినా గుడ్డ వదిలాడు.

కాబట్టి నాన్నకి ఏమీ రాయట్లేదు. ఆ గౌను నాది. ఎవరికీ ఇవ్వను.

తేదీ: ఆపరేషన్‌కి ముందు రోజు, మధ్యాహ్నం.
సంతకం: చిన్నమ్మాయి
సాక్షులు: ఒకరు, దేవుడు. రెండోవారు

తలుపు కొడుతున్నారు. "ఏమే, పట్టపగలు గడియేంటే?" నాన్నమ్మ. వస్తున్నా అన్నాను. పేజీలు పరుపు కింద పెట్టేస్తున్నా. భయమేస్తోందని మాత్రం చెప్పేస్తా. గడియ తియ్యగానే