రెండు టీలు

బావగారికి నమస్కారం.

ఫోన్ చేస్తే మీరు ఏమీ జరగనట్టు నవ్వేస్తారు. ఆ నవ్వు తట్టుకోలేనని రాస్తున్నాను.

నిన్న ఆ ఖరీదైన ఆడియో పరికరాల ప్రదర్శనకు ఒక్కడినే వెళ్ళడానికి జంకి, మిమ్మల్ని లాక్కెళ్ళింది నేనే. రాత్రంతా బేకరీలో పొయ్యి దగ్గర నిలబడి వచ్చారని తెలుసు. కారు ధర పలికే స్పీకర్ల ముందు, మెత్తటి సోఫాలో మీకు కునుకు పట్టడం వింతా? వయొలిన్ సన్నబడిన చోట మీ గురక అందుకుంది. గదంతా మనవైపు తిరిగింది. నిర్వాహకుడు పాట ఆపి, "ఈయన మీ తాలూకానా అండీ?" అని అడిగాడు.

"కాదండీ, ఎవరో" అన్నాను.

మీరు కళ్ళు తెరిచే ఉన్నారని అప్పుడు చూశాను. ఎప్పుడూ 'ఒరేయ్' అని పిలిచే నన్ను, "కాస్త దారిస్తారా అండీ" అని అడిగి, నా అబద్ధం నిలబెట్టి బయటికి వెళ్ళిపోయారు.

తర్వాత కిటికీలోంచి చూస్తే, గేటు దగ్గర రెండు టీలు పట్టుకుని నాకోసం నిలబడి ఉన్నారు. ఎదురుపడటానికి మొహం చెల్లక వెనక గుమ్మంలోంచి జారుకున్నాను.

అక్కకు మీరు చెప్పి ఉండరు. నేనే చెప్తాను. ఆదివారం వస్తాను. నలుగురూ వినేలా గుమ్మంలోనే 'ఒరేయ్' అనండి.

మీ బావమరిది