ముసలిరైతుల పెంపకం శాఖ

లిండెన్‌రోడె, 3 మార్చి 1986

పురపాలక కార్యాలయం వారికి,

మీ ఉత్తరంలో "ఆల్ట్‌బావెర్-" అని ఒక పంక్తి ముగిసింది, కింది పంక్తి "హాల్టుంగ్ శాఖ నుంచి గురువారం తనిఖీకి వస్తాం" అని మొదలైంది. ఆల్ట్‌బావెర్ అంటే నాలాంటి ముసలిరైతు. ముసలిరైతు పెంపకమా! హాల్టుంగ్ అని మేం పందులకీ కోళ్ళకీ అంటాం. నలభై ఏళ్ళు పందుల్ని పెంచిన నన్ను, డెబ్బై ఒకటో ఏట మీరు పెంచుతారా?

ఇట్లు, తన బంగాళాదుంపలు తానే ఉడకబెట్టుకునే
ఓర్ట్‌విన్ హాసెన్‌ఫ్లూగ్

తా.క. "వయసు, కొలతలు, తేమ రాసుకుంటాం" అన్నారు. నా తేమతో మీకేం పని?

6 మార్చి

గౌరవనీయులైన హాసెన్‌ఫ్లూగ్ గారికి,

పొరపాటు మా టైపిస్టుది. ఆల్ట్‌బావ్ దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని, ఎర్‌హాల్టుంగ్ అనండి. అంటే పాత కట్టడాల పరిరక్షణ. తేమ మీ గోడలది. కారుతున్న మీ ఇంటికప్పుకి సాయం ఇవ్వడానికే వస్తున్నాం.

భవదీయురాలు,
గెజీనె రాడెమాహర్, ఆల్ట్‌బావెర్-
హాల్టుంగ్ శాఖ

9 మార్చి

రాడెమాహర్ గారూ,

సంతకం కింద మళ్ళీ అక్కడే విరిచారు! నన్ను వెర్రివాణ్ణి చేస్తున్నారా? రొట్టెల కొట్లో మీ ఉత్తరం గట్టిగా చదివి నా కొంప నేనే ముంచుకున్నాను. "ఓర్ట్‌విన్, ఇవాళ మేత పెట్టారా?" అని అడగనివాడు లేడు. గేటుకి తాళం వేశాను.

హాసెన్‌ఫ్లూగ్

తా.క. నిన్న ఎవరో గుమ్మం ముందు గడ్డిమోపు పడేసి పోయారు. మేలురకమే. అందుకే నాకు ఒళ్ళు ఇంకా మండుతోంది.

14 మార్చి

అయ్యా,

టైపు మిషన్ని నమ్మక చేత్తో రాస్తున్నాను. గురువారం వానలో మీ గేటు బయట గంటసేపు నిలబడ్డాను. నెలాఖరులోగా తనిఖీ జరగకపోతే కప్పుకి సాయం రాదు. దయచేసి తాళం తీయండి.

గెజీనె రాడెమాహర్

22 మార్చి

రాడెమాహర్ గారికి నమస్కారం.

మంగళవారం రండి, గేటు తీసే ఉంటుంది. సంగతేమిటంటే, మా వీధి చివర ష్టోల్టె టీచరమ్మ ఉంది. భర్త పోయి ఆరేళ్ళు. మొన్న తిన్నగా నా వంటింట్లోకి వచ్చి, "ముసలిరైతుని పెంచుకోవాలంటే అర్జీ ఎక్కడ పెట్టాలి?" అంది. చెడామడా తిట్టాను. ఆవిడ కోటు విప్పి కాఫీ పెట్టింది. మే నెలలో మా పెళ్ళి. మీరు ఇంటిని చూసుకోండి. నాకు మనిషి దొరికింది.

మీ ఓర్ట్‌విన్

తా.క. ఆవిడ ముప్పై ఏళ్ళు బడిలో జర్మన్ చెప్పింది. ఆ మాట ఎక్కడ విడగొట్టాలో రొట్టెల కొట్లో నేను చదివింది విన్నప్పుడే ఆవిడకి తెలుసట. "మరి అప్పుడే చెప్పొచ్చుగా?" అని అరిచాను. "చెబితే అర్జీ పెట్టడానికి నాకు వంకేముంటుంది?" అంటోంది.