పాతరలో దించిన దీపం

మురళీ,

నువ్వు పోయి ఈ రోజుతో ఏడాది. దీన్ని నువ్వు చదవవని తెలుసు, అయినా ఒక సంగతి నీకే చెప్పాలి.

అశోక్‌నగర్‌లో మనింటి ఎదురుగా మేడ కడుతున్నారు. అక్కడ ఇసుక మోసే యాదమ్మది నువ్వు పనిచేసిన పాలమూరు జిల్లా పల్లే. కాలేజీ వాళ్ళు స్టైపెండు ఇచ్చి పల్లెలో పని నేర్పుతారంటే, వెళ్ళరా అని పంపింది నేనే కదా. నేను నీ అక్కనని తెలిసి యాదమ్మ మధ్యాహ్నం ఇంటికొచ్చింది. అన్నం పెట్టాను.

ఊరందరి జొన్నలూ నేలలో తవ్విన ఒకే పాతరలో దాచి, పనుల్లేని నెలల్లో పంచుకునేలా వాళ్ళను ఒప్పించింది నువ్వే. పాతర తెరిచాక ముందు దీపం దించి చూస్తారట. ఆరిపోతే లోపల గాలి చెడిందని ఎవరూ దిగరు. ఆ రోజు దీపం ఆరింది. ఈదురుగాలికి ఆరిందనుకుని, వాళ్ళు ఆగమంటున్నా నువ్వు దిగావట.

"ఆ జొన్నలు ఏం చేశారు?" అని అడిగాను.

"మా కోసం పానం ఇడిసిండు. ఆ గింజలు ఎట్ల తింటం అక్కా? గట్లనే మన్ను కప్పినం. ఎండకాలం తిండి లేక అందరం ఇటు వచ్చినం."

మళ్ళీ తనే, "నీ తమ్ముడు ఏం సదువుతుండె?" అంది.

"గింజలు పాడవకుండా దాచే చదువు," అన్నాను.

యాదమ్మ ఆకలి మీదుంది, ముద్ద కలుపుకుంటూనే ఉంది.